హెడ్డు గురప్ప బావి గిలక

ఆ రోజు హనుమమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే రెండు పూటల వంట ఒకేసారి ముగించాలి. మధ్యాహ్నానికి గిన్నెలు తోమి బోర్లించాలి. సాయంత్రం మోటారు బస్సుకు మొగుణ్ణి వెంటబెట్టుకుని కోయిలకుంట్ల నుంచి నంద్యాల పోయి, అక్కడ రైలెక్కి మంత్రాలయం చేరాలి. ఇంతే. ఈ ఇంతకోసం ఆమె ముప్పై ఏళ్ళుగా కాచుకుని ఉంది.

గురప్ప పోలీసుల్లో చేరిన కొత్తల్లో బందిపోట్ల వెంట పడి, బనగానపల్లె సంస్థానం పొలిమేరలో తొడకు బల్లెం దెబ్బ తిని ఇంటికి వచ్చాడు. ఆ రోజు హనుమమ్మ తూర్పుకో పడమరకో తెలియకుండా చేతులెత్తి దండం పెట్టి, ఈ మనిషి పెన్షను పుచ్చుకునేదాకా ప్రాణాలతో ఉంటే తీసుకొచ్చి నీ బృందావనం ముందు నిలబెడతాను రాఘవేంద్రా అని మొక్కుకుంది. మొన్న ఉగాదికి ఆ పెన్షను వచ్చింది. పసుపు గుడ్డలో ముడుపు కట్టింది. దొంగల భయానికి దాన్ని ఇత్తడి బిందె అడుగున పెట్టి, పైన చింతపండు ఉండ అదిమి, మూత వేసి వంటింటి గడప పక్కన ఉంచింది. దొంగలకైతే ఆ జాగ్రత్త సరిపోయేది. ఇంటాయన సంగతే ఆమె లెక్కలో వేసుకోలేదు.

హెడ్డు కానిస్టేబులు గురప్పకు ఉద్యోగం పోయినా అనుమానం పోలేదు. సర్వీసులో ఉన్నప్పుడు దాన్ని పంచిపెట్టడానికి ముప్పై ఊళ్ళుండేవి. ఇప్పుడు మిగిలింది ఒక ఇల్లు, ఒక ఎనుము, ఒక పెళ్ళాం. పాలు పలచగా ఉంటే ఎనుము వంక అదోలా చూసేవాడు. చేతికర్ర మాత్రం పడుకున్నప్పుడు కూడా పక్కన ఉండాలి.

ఆ పొద్దున హనుమమ్మ నీళ్ళు చేదుతుంటే బావి గిలక కిర్రుమంది. అది ఏడాదిగా కిర్రుమంటూనే ఉంది. కానీ పెన్షను మనిషికి ప్రతి చప్పుడూ కొత్తగా వినిపిస్తుంది.

"ఆ గిలకకేమొచ్చింది?" అన్నాడు గురప్ప, నోట్లో వేపపుల్ల తీసి.

"ఏమొచ్చింది, ఇంత ఆముదం పోస్తే అదే ఊరుకుంటుంది. దాని జోలికి పోవద్దయ్యా."

"జోలికి పోవద్దంటాండావే, ఎందుకు?"

"సాయంత్రం పయనం పెట్టుకోని ఇప్పుడెందుకని. కాకుంటే ఆదెన్నను పిలుస్తా, వచ్చి చూస్తాడు."

"ఆదెన్ననా? పోయినేడు ఇరుసు మార్చింది వాడే గదా. అప్పట్నుంచే ఇది అరుస్తాండాది. మన పాత ఇరుసు యాడికి పోయింది?"

"అరిగిపోయిందని నువ్వే మార్పించినావు."

"అరిగిందని నాకు చెప్పింది ఎవరు? ఆ ఆదెన్నే."

యుద్ధం రోజులు. ఇనుము బంగారమై కూర్చుంది. కమ్మరి ఆదెన్న మంచి ఇరుసు కొట్టేసి చెత్త ఇరుసు తగిలించాడని గురప్పకు నిశ్చయమైపోయింది. దానికితోడు, మాట్లాడుతూ మాట్లాడుతూ హనుమమ్మ రెండుసార్లు బావి వైపు చూసింది. అలాంటి చూపును ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఒక్కసారీ ఊరికే వదిలిపెట్టలేదు.

"ఎవరినీ పిలవొద్దు, నేనే బాగు చేస్తా. సాయంత్రం మోటారెక్కేలోగా ఈ గిలక మళ్ళా కిర్రుమంటే నా పేరు గురప్పే కాదు" అన్నాడు.

ఆ బావి సంగతి కాస్త చెప్పుకోవాలి. వీధిలో తక్కిన బావులన్నీ ఉప్పు నీళ్ళు. వాటితో పప్పు ఉడకదు. గురప్ప దొడ్లో బావి ఒక్కటే తియ్యటి నీళ్ళు, ఎంత ఎండాకాలమైనా ఎండదు. వీధి ఆడవాళ్ళు తమ తమ బిందెలు, చెంబులు తెచ్చుకుని, చేంతాడుకు కట్టుకుని చేదుకుంటారు. అయితే గురప్ప అరుగు మీద కూర్చుని చూస్తున్నంతసేపే. ఆయన లేచి లోపలికి పోతే బావి మూసినట్టే. పూడిక తీయించడమన్నది ఆ ఇంట లేదు. బావిలోకి ఒకసారి దిగినవాడికి దొడ్డిదారి తెలిసిపోతుందని గురప్ప ఎవణ్ణీ దిగనివ్వలేదు. ఏమిటో గానీ, ఆ ఒక్క విషయంలో హనుమమ్మ మొగుడి మాటకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

గురప్ప ముందు చేంతాడు ఊడదీసి చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత పచ్చడిబండ తెచ్చాడు. ఇంట్లో సుత్తి ఉంటే దొంగలకు పనికొస్తుందని ఆయన ఎప్పుడూ సుత్తి ఉంచలేదు. బావి ఒర మీదికి ఎక్కి, గిలక ఇరుసును ఒక వైపు నుంచి కొట్టాడు. కదలలేదు. కదలకపోవడం ఆదెన్న మీద మరో సాక్ష్యం. పెళ్ళాం చూడకుండా గిన్నెలో ఆముదం తెచ్చి ఇరుసు మీద పోశాడు. కొంత ఇరుసు తాగింది, కొంత చేతులకు అంటుకుంది. ఈసారి ఒక్క దెబ్బకే ఇరుసు ఊడి గట్టు మీద పడింది. ఇనుప గిలక ఆయన రెండు చేతుల్లోకి వచ్చింది, వచ్చి, ఆముదపు చేతుల్లో ఒక్క క్షణం నిలిచి, బావిలోకి పోయింది.

బుడుంగుమన్న చప్పుడుకు హనుమమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఏందయ్యా ఆ సప్పుడు?"

"ఏం సప్పుడు?" అన్నాడు గురప్ప. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ నోట విన్న ఆ మాట మొదటిసారి తన నోట విని ఆయనకే కాస్త కంగారు పుట్టింది.

హనుమమ్మ ఖాళీ దూలం వంక చూసింది. మొగుడి చేతుల వంక చూసింది. "ఆముదం బాగనే పనిచేసిందిలే" అని లోపలికి పోయింది.

బావిలో పడిన వస్తువు తీయడానికి పాతాళ గరిగె కావాలి. నాలుగు వైపులా కొక్కేలు వేలాడే ఇనుప గుత్తి అది. తాడు కట్టి బావిలో వదిలి అటూ ఇటూ దేవితే, అడుగునున్నది ఏదో ఒక కొక్కేనికి తగులుకుని పైకి వస్తుంది. అలాంటిది వీధి చివర సుబ్బక్క ఇంట్లో ఉంది. సుబ్బక్క ఎవరికైనా ఇస్తుంది గానీ తాకట్టు లేకుండా ఇవ్వదు. ముందు ఇత్తడి సామాను ఆమె గడప లోపలికి రావాలి, తర్వాతే గరిగె గడప దాటుతుంది. ఇది ఆమె అత్త కాలంనుంచీ ఉన్న వాడుక. గరిగె అరువు తీసుకున్నవాడు వస్తువు దొరకగానే గరిగెను మరచిపోతాడని లోకానుభవం.

"సుబ్బక్కా, గరిగె కావల్ల" అన్నాడు గురప్ప.

"బావిలో ఏం పడింది?"

"ఏమీ పల్లేదు."

"ఏమీ పడకుంటే గరిగె ఏమిటికి?"

"ఊరికే చూద్దామని."

సుబ్బక్క ఆయన్ను కిందనుంచి పైదాకా చూసింది. హెడ్డు గురప్ప ఊరికే చూడటం ఆమె ఎరగదు. ఆయన ఏది చూసినా తర్వాత ఎవరో ఒకరు ఠాణాకు పోయి కూర్చోవలసి వచ్చింది.

"తాకట్టు తే."

"నన్నే తాకట్టు అడుగుతాండావా? ఈ ఊరికి ముప్పై ఏండ్లు కావలి కాసినోణ్ణి."

"నా సొంత తమ్ముణ్ణి కూడా అడిగినా. నువ్వు వానికంటే ఎక్కువేం కాదు."

గురప్ప ఇంటికి వచ్చాడు. హనుమమ్మ పెరట్లో గిన్నెలు తోముకుంటోంది. వంటింటి గడప పక్కన మూత వేసిన ఇత్తడి బిందె కనిపించింది. కాస్త బరువుగానే ఉంది, బరువైన తాకట్టుకు సుబ్బక్క మారు మాట్లాడదనుకుని తీసుకుపోయి ఇచ్చేశాడు. పెరట్లో ఉన్న మనిషిని పిలిచి అడగవచ్చు. కానీ తాను ఎంత కష్టంలో ఉన్నాడో పెళ్ళానికి తెలియడం ఆయనకు ఇష్టం లేదు.

గరిగెతో పాటు సుబ్బక్క తన తాడు కూడా ఇచ్చింది. గురప్ప దాన్ని గజం గజం లాగి చూశాడు. ఒకచోట కాస్త పీచు లేచి ఉంది. ఆయనకు అంతా అర్థమైంది. తాడు తెగి గరిగె బావిలో పడాలి, బిందె తనకు మిగలాలి, అదీ సుబ్బక్క ఎత్తు. ఎత్తుకు పైయెత్తుగా, ఆమె తాడు విప్పి అవతల పారేసి తన కొత్త చేంతాడు కట్టాడు. కొత్త తాడు బిరుసుగా ఉంటుంది, ముడి నిలవదు. పైగా చేతులకు ఆముదం ఇంకా పోలేదు. రెండోసారి దేవేసరికి తాడు ఒక్కటే తేలికగా పైకి వచ్చింది.

ఇప్పుడు బావిలో గిలక ఉంది, గరిగె ఉంది. గట్టు మీద గురప్ప ఉన్నాడు.

"ఈడ పెట్టిన బిందె యాడికి పోయింది?" అని వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఏం బిందె? ఎప్పుడు పెట్టినావు? పెట్టేటప్పుడు ఎవరన్నా చూసినారా?" అన్నాడు గురప్ప, అలవాటు కొద్దీ. అని, పెళ్ళాం మొహం చూసి, జరిగింది చెప్పేశాడు.

హనుమమ్మ గడప మీదే కూలబడింది. "దాంట్లోనే ముడుపు ఉండాది" అన్నది.

ఆమెకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఎన్నో ప్రయాణాలు అనుకున్నది, ప్రతిసారీ ఏదో దొంగతనం అడ్డం వచ్చింది. రేపు పోదాంలే అన్నాడు, వచ్చే నెల పోదాంలే అన్నాడు. ఆమె ఎప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు పెన్షను వచ్చి, దొంగలందరూ ఎవరి పాటికి వాళ్ళున్నాక, ఇంటాయనే అడ్డం వస్తాడని ఆమె అనుకోలేదు.

"ముడుపు లేకుండా నేను ఈ ఇల్లు కదిలేది లేదు. నీకు పోవాలనుంటే నువ్వొక్కనివే పో" అని కొంగుతో మొహం తుడుచుకుంది. "లేకుంటే నేనే పోయి సుబ్బక్కకు సంగతి చెప్పి బిందె అడుక్కొస్తా."

"చెప్పొద్దు. గరిగె పోయిందని తెలిస్తే బిందె ఇస్తుందా? లోపల ముడుపు ఉండాదని తెలిస్తే అసలే ఇయ్యదు. ముందు ఆ గరిగె బయటికి తీయల్ల."

"తీయల్లంటే ఇంకో గరిగె కావల్ల. కాశన్న దగ్గర ఉండాది, పోయి అడుగు."

గురప్ప మొహం మారింది. "వాని దగ్గర గరిగె ఎందుకుండాది?"

కాశన్న నేతగాడు, నాలుగిళ్ళ అవతల. పన్నెండేళ్ళ కిందట సుబ్బక్క ఇంట్లో ఇత్తడి చెంబు పోయింది. ఆ తెల్లారి కాశన్న ఆ ఇంటి ముందు నుంచి నడిచి వెళ్ళాడని ఎవరో చెబితే, గురప్ప ఆయన్ను తీసుకుపోయి పొద్దుగూకేదాకా ఠాణాలో కూర్చోబెట్టాడు. రుజువు దొరకలేదు, వదిలేశాడు. వీధి వదల్లేదు. ఆనాటినుంచీ ఆయన చెంబు కాశన్న. ఆయన నేసిన చీరను కూడా అంగట్లో చెంబు కాశన్న చీర అని అడిగి కొంటారు. అప్పటినుంచీ వీధిలో గిన్నె పోయినా గరిటె పోయినా గురప్ప ముందు చేతికర్ర తాటించేది ఆయన గడప మీదే.

ఇప్పుడు అదే కర్ర అదే గడప ముందు ఆగింది. కాశన్న మగ్గం గుంటలోంచి తలెత్తి చూశాడు.

"రా అన్నా. ఎవరింట్లో ఏం పోయింది?" అన్నాడు, దారం విసిరే నాడెను పక్కన పెడుతూ.

"ఏమీ పోలేదు. నీ దగ్గర పాతాళ గరిగె ఉండాదంటనే, ఎందుకు పెట్టుకున్యావు?"

"వీధిలో ఏది పోయినా మొదట నా ఇంటికే వస్తాండారు గదన్నా. బావిలో పడిందేమో చూసుకోండప్పా అని ఇచ్చేదానికి చేయించి పెట్టుకున్యా. ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఇదో, తీసుకోని పో."

"తాకట్టు ఏమియ్యల్ల?"

"ఏమొద్దు."

ఇది గురప్పకు అస్సలు నచ్చలేదు. తాకట్టు అడిగిన సుబ్బక్క దగ్గరే ఎత్తు ఉంటే, అడగని వీడి దగ్గర ఎంత ఉండాలి? "తాకట్టు లేకుండా గరిగె ఇచ్చేవాణ్ణి నేను యాడా చూడలేదు" అన్నాడు.

"సరే, ఏదో ఒకటి తెచ్చి పెట్టు."

"ఓహో. పెట్టమంటే ఏం పెట్టమంటావు? ఏం కావల్ల నీకు?"

కాశన్న నుదురు రుద్దుకున్నాడు. "అన్నా, వద్దంటే అదీ తప్పు, కావల్లంటే అదీ తప్పు. నేనేం చేయల్లో నువ్వే చెప్పు."

గురప్ప ఆలోచించి తేల్చాడు. కాశన్నే గరిగె మోసుకొచ్చి, తాడు కట్టి, తన కళ్ళ ఎదుటే దేవాలి. అప్పుడు వాడి చేతులు రెండూ కనిపిస్తూ ఉంటాయి.

కాశన్న వచ్చి ముడి వేశాడు. రోజంతా దారాలు ముడివేసే చెయ్యి, ముడి గట్టిగానే పడింది. గరిగె దింపి మెల్లగా దేవాడు. అడుగున ఏదో తగిలి ఖణుక్కుమంది. లాగాడు. గురప్ప ఒర మీద వంగి అందుకున్నాడు. గిలకా కాదు, గరిగే కాదు. బురద కొట్టుకుపోయిన ఒక చెంబు. తుండుతో తుడిచాడు. అంచు కింద చెక్కిన పేరు కనిపించింది. సుబ్బక్క.

ఈ చెంబు కోసం గురప్ప తొక్కని గడప లేదు. అది తన దొడ్లో, తన బావిలో దొరికితే జనం ఏమంటారో ఆయనకు బాగా తెలుసు. మరొకరి బావిలో దొరికి ఉంటే తాను ఏమనేవాడో కూడా తెలుసు. గబుక్కున దాన్ని తుండులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఏమొచ్చిందన్నా?" అన్నాడు కాశన్న.

"ఏమీ లేదు. రాయి."

"రాయికి మూతి ఉండాది గదన్నా."

గురప్ప జవాబు వెతుక్కుంటుండగానే దొడ్డి తలుపు తోసుకుని జనం వచ్చారు. ముందు సుబ్బక్క, తలకంటే ఎత్తుగా రెండు చేతులతో ఇత్తడి బిందె పట్టుకుని ఉంది, దానికీ తనకూ సంబంధం లేనట్టు. వెనక ఆమె కోడలు అంజనమ్మ. వాళ్ళ వెనక సగం వీధి. అందరికీ వెనక, ఇప్పుడు ఊరికి హెడ్డు అయిన ఉరుకుందప్ప, టోపీ సర్దుకుంటూ.

జరిగింది ఇది. తాకట్టు బిందె బరువుగా ఉండటం చూసి సుబ్బక్క మూత తీసింది. చింతపండు కింద పసుపు ముడుపు కనిపించింది. దేవుడి ముడుపు పెట్టిన బిందెను మొగుడూ పెళ్ళాల్లో ఎవరూ తాకట్టు పెట్టరు. అందుకని ఆమెకూ అంతా అర్థమైంది. రేపు గరిగె తెచ్చిచ్చి, బిందె తీసుకుని, ముడుపులో సగం లేదని తనను ఠాణాలో కూర్చోబెట్టాలి, అదీ గురప్ప ఎత్తు. సాక్షులుగా పంచులు లేకుండా హెడ్డు గురప్ప ఇంటి గడప తొక్కకూడదని వీధి వీధినంతా లేపుకొచ్చింది.

"అందరూ చూడండి. ఈ బిందె నేను తాకలేదు, ముడుపు విప్పలేదు. ఈడనే, అందరి ముందర, నా గరిగె నాకు పడేసి నీ బిందె నువ్వు తీసుకో" అన్నది సుబ్బక్క.

"గరిగె ఇస్తా. నువ్వు పో, నేనే తెచ్చిస్తా" అని గురప్ప చెయ్యి ఊపాడు. ఊపింది తుండు ఉన్న వైపు చెయ్యి. చెంబు జారి, బండ మీద మోగి, దొర్లుకుంటూ పోయి సుబ్బక్క కాళ్ళ దగ్గర ఆగింది.

సుబ్బక్క బిందె దించి, చెంబు ఎత్తుకుని, అంచు తడిమింది. "ఇది నా చెంబు" అన్నది. గట్టిగా కూడా అనలేదు.

ఉరుకుందప్ప ముందుకొచ్చాడు. "అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఇది నీ చంకలోకి ఎట్లొచ్చింది?"

"బావిలోంచి వచ్చింది."

"బావిలోంచి వస్తే చంకలో ఎందుకు దాపెట్టినావు?"

మంచి ప్రశ్న. ఆ ప్రశ్న అడగడం ఉరుకుందప్పకు నేర్పినవాడు గురప్పే. జవాబు మాత్రం ఇద్దరికీ రాదు.

"కాశన్నా, ఇంకా ఏమేముండాయో తీయి" అన్నాడు ఉరుకుందప్ప.

కాశన్న మళ్ళీ గరిగె వదిలాడు. ఈసారి సుబ్బక్క గరిగే వచ్చింది, దాని కొక్కేనికి ఒక రాగి బిందె తగులుకుని. అది తమదేనని పక్కింటివాళ్ళు గుర్తుపట్టారు. తర్వాత మరచెంబు, దాని వెనక కంచు గిన్నె. ఒక్కొక్కటి పైకి వచ్చినప్పుడల్లా గుంపులో ఎవరో ఒకరు ఇది మాది అన్నారు. ప్రతిదానికీ ఒక దొంగతనం ఉంది, ప్రతి దొంగతనానికీ గురప్ప విచారణ ఉంది. అందరికంటే ఆఖర్న అంచు మీద సర్కారు ముద్ర ఉన్న చెంబు వచ్చింది. ఉరుకుందప్ప దాన్ని రెండు చేతులా పట్టుకుని చూశాడు.

"ఇది ఠాణా చెంబు. దీన్ని పోగొట్టినానని కొత్తలో నన్ను ఎండలో డ్రిల్లు చేయించినావు గుర్తుండాదా అన్నా?"

గురప్పకు గుర్తుంది. ఎవరో గుంపులోంచి, ముప్పై ఏండ్లు దొంగల్ని వెతికినాడు, సొత్తంతా ఇంట్లోనే పెట్టుకోని వెతికినాడు అన్నారు. ఆయన చుట్టూ చూశాడు. అందరి కళ్ళల్లో ఒకే చూపు. ఆ చూపు ఆయనకు కొత్త కాదు. ఇంతకాలం అది తన వైపు నుంచి అవతలికి పోయేది.

"సర్కారు సొత్తు బయటపడిందన్నా, నేనేం చేయలేను. ఠాణాకొచ్చి స్టేట్‌మెంటు ఇయ్యల్ల" అన్నాడు ఉరుకుందప్ప.

"సాయంత్రం మోటారుకు మంత్రాలయం పోతాండాము."

"రేపు పోదువులే."

రేపు అన్న మాట విని హనుమమ్మ తల దించుకుంది. నోరు తెరవబోయి, అంజనమ్మ వంక చూసి, మళ్ళీ మూసుకుంది. అది చూసి అంజనమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"రేపు గీపు వద్దు. ఆ చెంబు బావిలో పడేసింది నేను" అన్నది.

సుబ్బక్క చెంబును గుండెకు పొదువుకుని కోడలి వైపు తిరిగింది.

"కొత్తగా కాపురానికొచ్చినప్పుడత్తా. ఉప్పు నీళ్ళతో పప్పు ఉడకలేదని నువ్వు తిడతావని, ఈయన డ్యూటీ మీద ఊళ్ళు పోయినప్పుడు హనుమక్కను అడిగి చేదుకునేదాన్ని. తాడు ఉరి జారి చెంబు పడింది. నీకు చెప్తే చంపుతావని, ఈయనకు తెలిస్తే ఎవర్నడిగి చేదినావంటాడని, పొద్దున్నే దొంగలు పడినారని చెప్పినా. ఎవరితోనూ అననని హనుమక్క నాకు మాటిచ్చింది."

ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. రాగి బిందె కోడలు ఒప్పుకుంది. మరచెంబు కోడలు ఒప్పుకుంది. కంచు గిన్నెను పడేసింది కోడలు కాదు, అత్త. ఆమె ఒప్పుకునేటప్పుడు ఆమె కోడలు మొహం చూడదగ్గదిగా ఉంది. గురప్ప ఊళ్ళో లేని రోజుల్లో వీధి వీధంతా హనుమమ్మ దయతో తియ్యటి నీళ్ళు తాగింది. ఆయన తిరిగివచ్చి ఆ నీళ్ళే తాగి, ఆ గిన్నెల కోసం ఊరంతా తిరిగాడు.

"మరి ఠాణా చెంబు?" అన్నాడు ఉరుకుందప్ప.

"అది నేను. ఈయన ఠాణా నుంచి మజ్జిగ కోసం ఇంటికి తెచ్చి, తెచ్చింది మరిచిపోయినాడు. తోముతాంటే జారింది. మరుసటి పొద్దే నిన్ను ఎండలో నిలబెట్టినాడని తెలిసి, నువ్వు ఈ వీధిలోకి వచ్చినప్పుడల్లా నీకు మజ్జిగ పోస్తాంటి, యాదికుండాదా?" అన్నది హనుమమ్మ.

ఉరుకుందప్పకు యాదికే ఉంది. ఆ మజ్జిగ ఎందుకో ఇన్నేళ్ళకు తెలిసింది.

గురప్ప ఒర మీద కూర్చున్నాడు. "ముప్పై ఏండ్లు నాతో ఒక్క మాట చెప్పలేదే నువ్వు" అన్నాడు.

"నువ్వు ఊరినంతా అడిగినావు, నన్నెప్పుడన్నా అడిగినావా? నా మీద అనుమానపడింది ఈ పొద్దే, అదీ గిలక గురించి. కాశన్నను తీసుకుపోయిన దినం మాత్రం చెప్పబోయినా. నడుమ మాట్లాడొద్దని కర్ర తాటించినావు. ఆ తప్పు నాది గూడా, మల్లా చెప్పల్ల, చెప్పలేదు." అందరూ అప్పుడు కాశన్న వైపు తిరిగారు. ఆయన తాడు చుట్ట చుట్టుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

గురప్ప లేచి దగ్గరికి వెళ్ళాడు. ఇలాంటి మాటలు ఆయన ఇతరుల చేత చెప్పించాడే గానీ తాను ఎప్పుడూ చెప్పి ఎరగడు.

"కాశన్నా, ఆ చెంబు నువ్వు తీయలేదు."

"ఆ సంగతి నాకు తెలుసులే అన్నా. నాకెందుకు చెప్తావు, వీధికి చెప్పు."

గురప్ప వీధి వైపు తిరిగాడు. ఒకప్పుడు సంతలో దండోరా వేసిన గొంతు, ఇప్పుడు సగమే లేచింది. "కాశన్న దొంగ కాదు. ఆ పొద్దు నేను కాశన్నను ఠాణాకు తీసుకుపోయింది తప్పు. ఇంకమీద ఎవరన్నా చెంబు కాశన్న అంటే నన్ను అన్నట్టే" అన్నాడు. కాశన్న తుండుతో మొహం తుడుచుకున్నాడు, తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకున్నాడు. ఉరుకుందప్ప ఠాణా చెంబును తన తుండులో చుట్టుకుని, పోగొట్టుకున్న చెంబు పోలీసులు కనిపెట్టినట్టే రాసుకుంటానని, అందరూ ఇళ్ళకు పొమ్మని అన్నాడు.

సుబ్బక్క తన గరిగె తీసుకుని బిందె అప్పగించింది. హనుమమ్మ చింతపండు తొలగించి ముడుపు తీసి కళ్ళకద్దుకుంది. అంతలో బజారు వైపు నుంచి మోటారు హారను వినిపించింది. యుద్ధం ధర్మమా అని ఆ మోటారు బొగ్గు పొగతో నడుస్తోంది, కొలిమి రాజుకునేదాకా కదలదు. ఆ రోజు ఎంతకీ రాజుకోలేదు. లేకపోతే ఎప్పుడో వెళ్ళిపోయి ఉండేది.

గురప్ప ఇంటికి తాళం వేశాడు. తాళంచెవి ఎప్పటిలా మొలతాడుకు కట్టుకోబోతుంటే హనుమమ్మ, "ఎనుముకు గడ్డి ఎవరేస్తారు? కాశన్నకు ఇయ్యి" అన్నది. ఆయన పెళ్ళాం చేతిలోని ముడుపును చూశాడు, తాళంచెవి కాశన్న ముందు చాచాడు.

కాశన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఏదన్నా తాకట్టు పెట్టన్నా."

"ఏందప్పా ఇది? చెవి ఇచ్చేది నేను. తాకట్టు నువ్వు గదా పెట్టాల్సింది."

"రేపు నువ్వొచ్చి అది లేదు ఇది లేదంటే? నీ ఇల్లు నా చేతిలో ఉన్నన్ని దినాలు నీది ఏదో ఒకటి నా దగ్గర ఉండల్ల."

వీధి చివర హారను మళ్ళీ మోగింది. గురప్ప చుట్టూ చూశాడు, ఏమీ దొరకలేదు. చేతికర్ర తీసి కాశన్న చేతిలో పెట్టాడు. కాశన్న అప్పుడు చెవి తీసుకున్నాడు. కర్ర లేని చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక, పెళ్ళాం ముడుపు తిరిగి పెట్టిన బిందెను గురప్ప ఎత్తుకున్నాడు. హనుమమ్మ ముందు, ఆయన వెనక, బజారు వైపు నడిచారు. వాళ్ళు ఎక్కగానే మోటారు దగ్గి, పొగ కక్కి, కదిలింది.

మరునాడు పొద్దున వీధి ఆడవాళ్ళు ఆ బావి దగ్గరికి వచ్చి, ఎవరి భయమూ లేకుండా నీళ్ళు చేదుకున్నారు, ఒర మీద వంగి, గిలక లేకుండా ఒట్టి చేతులతో తాడు లాగి. గురప్ప తన మాట నిలబెట్టుకున్నాడు. ఆ గిలక మళ్ళీ కిర్రుమనలేదు.